అరవై శాతం గుండె

రేచల్ దగ్గర గుండెకు ఎకో తీయించుకోవాలంటే ముందు బయట బెంచీ మీద ఓపికకు పరీక్ష అవుతుంది. మనిషికి పది నిమిషాలు చాలంటాడు ఆసుపత్రి మేనేజరు. ఆమె ఇరవై తీసుకుంటుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుందని తోటివాళ్ళు ఎగతాళి చేస్తారు. తండ్రి సుందరరావు పాలకొల్లు నుంచి రాయపూర్ వచ్చి, రైలు పెట్టెల చక్రాలను సుత్తితో కొట్టి, మోత విని పగులు చెప్పే పని చేశాడు. ఒక్క చక్రాన్నీ వదిలేవాడు కాదు. కూతురికి ఆస్తిగా వచ్చింది ఆ చాదస్తమే.

2017 వేసవిలో కొండలరావు వచ్చాడు. శ్రీకాకుళం మనిషి, రాయపూర్ పక్కన ధర్సీవాలో ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి పని. పాత బీపీ, రెండేళ్ళుగా ఆయాసం. వెంట వచ్చిన భార్య నాంచారమ్మ కిందటేడు రిపోర్టు రేచల్ ముందు పెట్టింది.

"ఈ మనిషికి ఏటీ నేదమ్మా. గుండెకి అరవై వచ్చింది, ఫస్టు క్లాసు! మా ఇంట్లో ఇంకెవులికీ అన్ని మార్కులు రానేదు. డూటీ ఎగ్గొట్టడానికే ఈ ఆయాసం, బద్దకం!"

రేచల్‌కు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. అవి మార్కులు కావు. ముడుచుకున్నప్పుడు గుండె తనలోని రక్తంలో ఎంత బయటికి నెడుతుందో చెప్పే లెక్క. అరవై అంటే బాగున్నట్టే. కానీ గుండెకు నెట్టడం ఒక్కటే పనా? కండ మళ్ళీ వదులైతేనే కదా కొత్త రక్తం నిండేది! ఆ సంగతి పాత రిపోర్టులో ఒక్క ముక్క లేదు.

నాంచారమ్మను బయట కూర్చోబెట్టింది. "ఎడమవైపు తిరిగి పడుకోండి బాబాయ్ గారూ," అని జెల్లు రాసింది.

"నాకే అనుమానవమ్మా," అన్నాడు కొండలరావు గోడవైపు చూస్తూ. "అందరూ బద్దకమే అంతుంటే, నాకూ అలగే అనిపిస్తంది."

నెట్టడం అరవై రెండు. అక్కడితో ఆపేస్తే లైను కదిలేది. "దీదీ, ఇంకా ఎనిమిది మంది," అని అటెండరు ఉమేష్ తల దూర్చాడు. "కూర్చోనీ," అని రేచల్ చేతిలోని పరికరాన్ని గుండె గోడ మీదికి గురిపెట్టింది. ఆ కండ సడలే వేగం సెకనుకు ఏడు సెంటీమీటర్లయినా ఉండాలి. నాలుగు వచ్చింది. రెండుసార్లు మళ్ళీ కొలిచింది. నాలుగే. గుండె పిడికిలిలా బిగుస్తోంది, విప్పమంటే మొరాయిస్తోంది.

డాక్టర్ వీరేంద్ర వచ్చి తెర చూశాడు. గుండె కండ బిగుసుకుపోయిందనీ, ఆయాసం దానివల్లేననీ, మందులు వాడుతూ కొలిమి పని మానాలనీ హిందీలో చెప్పి వెళ్ళాడు.

జబ్బుందంటే ఎవరైనా బెంబేలెత్తుతారు. కొండలరావు మొహం విప్పారింది. "అయితే బద్దకం కాదా అమ్మా? ఆ మాట కూడా రాసీయండి రిపోర్టులో."

పన్నెండేళ్ళ ఉద్యోగంలో రేచల్‌ను ఎవరూ అలా అడగలేదు. రిపోర్టులో ఆ మాటకు గడి లేదు. నాంచారమ్మను లోపలికి పిలిచి, తెర మీద ఆ గోడను చూపించి, అంతా విడమరిచి చెప్పింది.

నాంచారమ్మ తువ్వాలు తీసుకుని మొగుడి ఛాతీ మీది జెల్లు తుడవసాగింది.

"రెండేళ్ళు తిట్టినాను. బద్దకం కాదని ఒక్కసారైనా తిరిగి అననేదేటి?"

"నువ్వన్నది నానూ నమ్మీసినానే," అన్నాడు కొండలరావు.