నిమ్మకాయ పూయని కంకి

శుక్రవారం పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి నిలబడి ఉన్నాను. ప్రహరీ అవతలి నుంచి పక్కింటి అత్త కేక వేసింది. "సిస్టరమ్మా, ఒకసారి రామ్మా. మీ మామ పిలిస్తే పలకడంలే." జమ్మలమడుగు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఆ గొంతులోనే నాకు తెలిసిపోయింది. అయినా పరుగెత్తాను. గోడవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకొని పడుకున్నాడు. నాడి పట్టుకొని చూశాను. చేయి చల్లగా ఉంది. అత్త నా ముఖం చూసి, దుప్పటి ఆయన భుజాల దాకా లాగింది. ఇంటికొచ్చేసరికి పాలు పొంగి పొయ్యంతా పాడైపోయి ఉంది.

మామ నాకు చుట్టం కాదు. ప్రొద్దుటూరులో మా పక్కింటాయన. వీధిలో అందరికీ మామే. టూరిస్టు బస్సు పెట్టి మమ్మల్నందరినీ ఊర్లు తిప్పిన మనిషి. ఆయన పేరు రాయడం లేదు. రాస్తే మీలో కొందరికి ఆయన కంటే ముందు ఆయన ఊరూ, ఆయన ఏ పక్షమో గుర్తొస్తాయి. బతికినన్నాళ్లూ ఆ రెండింటితోనే వేగాడు. పోయినాకైనా వదిలేద్దాం.

ఆయన బస్సులో టూరంటే మొదటి గొడవ బయల్దేరే టైము.

"ఎన్ని గంటలకు మామా?"

"ఫోన్ చేస్తా. రెడీగా ఉండండి."

"తెల్లారా, సందకాడా? అదన్నా చెప్పు."

"ఫోన్ చేస్తానంటి గదా సిస్టరమ్మా!"

ఇంక చూడండి మా అవస్థ. పిల్లలకు తలంట్లు పోసి, పులిహోర కట్టుకొని, సంచులు గడపలో పెట్టుకొని కాచుకొని కూర్చోవాలి. ఒక్కోసారి మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుంటే ఫోన్ వచ్చేది, బస్సు వీధి చివర ఉంది రమ్మని. చేయి కడుక్కొని ఉరకడమే. ఏ దారిన పోవాలో డ్రైవరుకు కూడా ముందు తెలియదు. కూడలి వచ్చినాక వెనక నుంచి మామ "ఎడం పక్కకు తిప్పప్పా" అనేవాడు. పోయిన దారిన తిరిగొచ్చే మాటే లేదు. అదేం విచిత్రమో, జనానికి ఇది తెగ నచ్చేసింది. మామ బస్సెక్కితే పోయే దావ ఒకటి, వచ్చే దావ ఒకటి, అందరికంటే రెండూర్లు ఎక్కువ చూడొచ్చని ప్రొద్దుటూరంతా చెప్పుకున్నారు. ఆ బస్సుకు పేరొచ్చిందే దానివల్ల. అది భయమని మాకెవరికీ తోచలేదు.

బస్సు ఆయనదే కదా, ఏ సీట్లో కూర్చున్నా అడిగేవారు లేరు. కానీ ముందు సీట్లో ఒక్కనాడూ కూర్చోలేదు. కిటికీ పక్కన అసలే లేదు. బస్సు నడిమధ్యలో, నడవా వైపు సీటు ఆయనది. పక్కనున్న కిటికీ సీటు ఖాళీగా పెట్టి, దాని మీదుగా చేయి చాపి పరదా లాగేసేవాడు. బస్సెక్కగానే మొదటి పని అదే. కన్యాకుమారిలో అందరం దిగి సముద్రం వైపు పోతుంటే ఆయన కదల్లేదు.

"దిగు మామా. మూడు సముద్రాలు కలిసేది మళ్లా యాడ చూస్తావు?"

"మీరు చూసి రాండి. వచ్చి చెబుదురులే."

"బస్సు పెట్టుకున్నది మాతో చెప్పించుకోనీకా?"

నవ్వాడు. "నేను అన్ని ఊర్లూ చూసినా సిస్టరమ్మా. ఈ సీట్లో కూర్చోనే."

నాకు ఒళ్లు మండింది. ఇంతమందిని ఇంత దూరం తెచ్చి, తను పరదా వేసుకొని కూర్చోవడమేంది? అదే మాట ఇసుకలో నడుస్తూ అత్తను అడిగేశాను. ఆమె చీర కుచ్చిళ్లు తడవకుండా పట్టుకొని, సముద్రం వైపే చూస్తూ చెప్పింది. "తన ముందర పోతాండే జీపులో, ముందు సీట్లో బాంబు పడింది కండ్లారా చూసినోడమ్మా మీ మామ. కిటికీ పక్కనుండే మనిషీ మిగల్లేదు. ఇంగ ఆయప్ప యాడ కూర్చుంటాడు?"

ఫ్యాక్షన్ రోజుల్లో మామ ఒక నాయకుని జీపు డ్రైవరు. ఊరు గండికోటకు దగ్గరలో, పెన్నేటి అవతల పల్లె. జీపు ఎప్పుడు కదులుతుందో ఎవరికీ చెప్పకూడదు, పోయిన దారిన రాకూడదు. ఆయన నేర్చుకున్న పనే అది. ఒకరోజు ఆయన తోలిన జీపులోని మనుషులు అదే ఊర్లో అవతలి పక్షం మనిషిని చంపారు. చనిపోయినవాడు మామ చిన్ననాటి స్నేహితునికి సొంత తమ్ముడు. "కత్తి పట్టలా సిస్టరమ్మా, జీపు తోలినా, అంతే" అని ఒకసారి నాతో అన్నాడు. కాసేపటికి, "అంతే అంటే సరిపోతాదా?" అని తనే అన్నాడు. ఊరు విడిచింది అప్పుడే. తల్లి పోతే కూడా పోలేకపోయాడు.

తర్వాత ఏమైందో ఈ జిల్లావాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. ఇద్దరు నాయకులూ ఒకే పార్టీ కండువా కప్పుకొని, ఒకే వేదిక మీద చేతులు కలిపి పైకెత్తారు. కేసు కొట్టేశారు. పేపర్లో ఫోటో పడింది. ఆ పేపరు పట్టుకొని నేనే వాళ్లింటికి పరుగెత్తాను. "రాజీ అయిపోయింది మామా, ఇంక ఊరికి పో" అన్నాను. ఆయన పేపరు వంక చూడను కూడా చూడలేదు. "రాజీ పైనోళ్లకు. మా దాకా ఎవురన్నా వచ్చి చెప్పినారా?" అన్నాడు. నాకు ఆ నాయకుల మీద ఇప్పటికీ కడుపు మంటే. రెండు పక్షాల మనుషులకూ ఈ చేతులతో కట్లు కట్టాను. పెద్దవాళ్లు పార్టీ మారి హాయిగా తిరుగుతుంటే, వాళ్ల కోసం కొట్టుకున్నవాళ్లు మాత్రం పరదాలు వేసుకొని బతకాలా?

సాయంత్రాలు ఆయన ఇనప గ్రిల్లు వెనక, వరండాలో టీ తాగేవాడు. గ్రిల్లుకు ఎప్పుడూ తాళమే. ఇవతల మెట్ల మీద కూర్చొని నేను మాట్లాడేదాన్ని. టూర్ల సంగతెత్తితే ఆయనకు హుషారొచ్చేది.

"ముందర మన పక్క మనిషి ఇల్లు కదలాలంటే మొక్కన్నా ఉండాల, రోగమన్నా ఉండాల, కోర్టు వాయిదా అన్నా ఉండాల. ఊరికే పోయిరావడమనేది కొత్త సిస్టరమ్మా. జనం ఊరికే పోవడం మొదలుపెట్టినాకే నా బస్సుకు బతుకొచ్చింది."

నిజమే. మొదట ఆయన బస్సు శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి గుడికి మాత్రమే పోయేది. తర్వాత తిరుపతి, ఆ తర్వాత ఊటీ, కన్యాకుమారి. పంట చేతికొచ్చినాక రైతులు, బడికి సెలవులిస్తే టీచర్లు. కువైట్ నుంచి వచ్చినవాళ్లు ఆ కాస్త సెలవులోనే భార్యాపిల్లలకు లోకమంతా చూపించాలనుకునేవాళ్లు. వెనక డిక్కీలో గ్యాసు పొయ్యి, బియ్యం మూట, ఊరగాయ జాడీలు. వంటమనిషి మావాడే కాబట్టి ముసలివాళ్లు కూడా ధైర్యంగా ఎక్కేవాళ్లు. వీధికి ఒక్క నోరున్న ఆడమనిషిని ఒప్పిస్తే బస్సు నిండినట్లేనని మామ అనేవాడు. మా వీధిలో ఆ నోరు నాదే, ఒప్పుకుంటాను.

"దావలు బాగైనాయి, అందరి చేతుల్లో ఫోన్లొచ్చినాయి. ఒకామె ఊటీలో ఫోటో దిగి పంపితే పక్కింటామెకు కూర్చోబుద్ధి కాదు. అందుకే జనం పెరిగినారు మామా" అన్నాను నేను.

"అదీ ఉందిలే. భయం తగ్గింది, అది చెప్పవేం? పొద్దు గూకకముందే తలుపులేసుకునే ఊర్లలో టూరు యాడిది?" అని, టీ గ్లాసు కింద పెట్టి మళ్లీ అన్నాడు. "జనం చూడనీకి పోరు సిస్టరమ్మా. నాలుగు దినాలు ఈడ లేకుండా ఉండనీకి పోతారు."

"నీ సంగతి అందరికీ అంటగట్టొద్దు. నేను చూడనీకే పోతా" అన్నాను. పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు నాకు భలే ఇష్టం.

ఇంతలో లోకమే మా పక్కకు రావడం మొదలైంది. గండికోట దగ్గర పెన్నేటి లోయ ఫోటోలు ఫోన్లలో తిరిగాయి. సినిమావాళ్లు వచ్చారు. బెంగుళూరు పిల్లలు కార్లేసుకొని వచ్చి, గుడారాల్లో పడుకొని, సూర్యోదయం చూసి పోయేవాళ్లు. జమ్మలమడుగులో లాడ్జీలు, టీ అంగళ్లు పెరిగాయి. మేకలు తోలుకొని పోయే ఆ బండల్ని చూడడానికి కూడా మనుషులొస్తారా అని మొదట్లో మేం నవ్వుకున్నాం. తర్వాత మాకే సిగ్గనిపించి, మేమూ పోదామని మామను పట్టుకున్నాం.

"బస్సు పంపిస్తా. నేను రాను" అన్నాడు.

తిరిగొచ్చినాక ఫోన్లో ఫోటోలు చూపించాను. ఆయన లోయను చూడలేదు. నా ముఖాన్ని పక్కకు జరిపేసి, వెనకున్న అంగళ్లను రెండు వేళ్లతో పెద్దవి చేసి, ఒక్కొక్క మనిషినే చూస్తున్నాడు. ఒకచోట ఆగిపోయాడు. బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాల్చే ముసలాయన. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. మామ చిన్ననాటి స్నేహితుడు, ఆ చనిపోయినవాని అన్న, అతనే.

"కంకులు అమ్ముకుంటాండాడా!" అన్నాడు మామ. ఫోను చాలాసేపు నాకు తిరిగివ్వలేదు.

ఆ వారమే వచ్చి, "ఆదివారం పొద్దున ఏడుకు గండికోటకు బస్సు. నేనూ వస్తాండా" అన్నాడు. టైము ముందే చెప్పడం అదే మొదలు. అత్త గడపలోనే ఏడుపు మొదలుపెట్టింది. "టూరిస్టును ఎవురు పట్టించుకుంటారే? వేలమంది వచ్చి పోతాండారు, నేనొక్కన్ని కనపడతానా?" అని ఆమెకు నచ్చజెప్పాడు. ఆయన ఇంకో మాట కూడా నాతో అన్నాడు. "సొంతూరి మనిషిగా పోనీకి లేదు. టూరిస్టుగానన్నా పోతా."

ఎర్ర టోపీ, నల్లద్దాలు. "బెంగుళూరు అల్లుని మాదిరి ఉండావు మామా" అని ఏడిపించాను. జమ్మలమడుగు దాటినాక పరదా అంచును ఒక్క వేలితో ఎత్తి చూడడం మొదలుపెట్టాడు. కోట దగ్గర దిగాడు. ఆయన దిగడం నేను చూడడం అదే మొదలు. లోయ అంచున అందరూ కిందికి చూస్తుంటే ఆయన ఎదురుగా, నది అవతలి గుట్ట వైపు చూశాడు. దాని వెనకే ఆయన ఊరు. తర్వాత నేరుగా కంకుల దగ్గరికి నడిచాడు. వెనకే పోయాను.

ముసలాయన విసనకర్ర ఆపి తలెత్తాడు. చాలాసేపు చూశాడు.

"యా ఊరు సార్ మీది?"

"ప్రొద్దుటూరు."

"ఇంతకుముందు ఎప్పుడన్నా ఈడికి వచ్చిన్నారా?"

"లే. ఇదే మొదలు."

"చూడండి సార్, బాగుంటాది. ఆ అంచుకు మాత్రం పోవద్దండి. గాలి శానా." ఒక కంకి కాల్చి, తిప్పి తిప్పి మసి దులిపి ఇచ్చాడు. మామ తీసుకొని బస్సు వైపు నడిచాడు. నేనూ ఒకటి కొనుక్కొని వెనకే వచ్చాను.

సీట్లో కూర్చున్నాక కంకి తినలేదు. చేతిలో పట్టుకొని ఉన్నాడు. "గండం గడిచింది, గుర్తుపట్టలేదు" అన్నాను.

"పట్టినాడు సిస్టరమ్మా."

"ఎట్ల తెలుసు?"

"నీ కంకికి ఏం పూసినాడు?"

"నిమ్మకాయ, ఉప్పుకారం."

"నాకు నిమ్మకాయ పూయలా. పులుపు తగిలితే నా నోరు పొక్కుతాది. చిన్నప్పుడు ఆ గుట్ట కాడ మేకలు మేపేటప్పుడు వాడే కంకులు కాల్చేవాడు." టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అద్దాలు మాత్రం తీయలేదు. వాటి కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు?

"మళ్లా పోదాం. ఈసారి టోపీ వద్దు. పేరు పెట్టి పిలుస్తా వాన్ని" అన్నాడు. ఆ తర్వాత అదే ధ్యాస. కానీ ఎలక్షన్లు వచ్చిపడ్డాయి. పాత పక్షాలు కొత్త జెండాలతో మళ్లీ లేచాయి. "ఓట్లు కానీలే" అన్నాడు. ఓట్లయ్యాయి. "లెక్కింపు కానీలే" అన్నాడు. అదీ అయింది. "ఊర్లు చల్లబడనీలే" అన్నాడు. గ్రిల్లుకు రెండో తాళం వచ్చింది. నేను తిట్టాను, బతిమాలాను. అట్లాగే శుక్రవారం వచ్చేసింది.

శ్మశానం నుంచి వచ్చి అందరూ వాకిట్లో షామియానా కింద కూర్చున్నారు. చివరి కుర్చీలో తువ్వాలు తలకు చుట్టుకున్న ముసలాయన. మామ కొడుకు పుట్టింది, పెరిగింది ప్రొద్దుటూరులోనే, ఎవరినీ ఎరగడు. దగ్గరికి పోయి అడిగాడు.

"యా ఊరు పెద్దాయనా మీది?"

"ఈ పక్కనేలే నాయనా. మీ నాయన బస్సులో ఒకసారి గండికి పోయిన్నా. బాగా చూసుకున్యాడు."

తువ్వాలు సర్దుకుంటుంటే రెండు వేళ్లు లేని ఎడమ చేయి కనిపించింది. నేను నోరు తెరవబోయాను. ఆ ముసలాయన అబద్ధమాడి దాచుకున్నదాన్ని పదిమందిలో బయటపెట్టడానికి నేనెవరిని?

జమ్మలమడుగు నుంచి వచ్చినవాళ్లను బస్సులో దింపి రమ్మని అత్త డ్రైవరుకు చెప్పింది. పట్టుమని పదిమంది లేరు. వాళ్లు ఎక్కి గాలి కోసం కిటికీల పక్కన సర్దుకున్నారు. అందరికంటే వెనక ముసలాయన ఎక్కాడు. ముందు సీటు ఖాళీగా ఉంది, దాటిపోయాడు. కిటికీ సీట్లు ఎన్నో ఖాళీగా ఉన్నాయి, దాటిపోయాడు. నడిమధ్యలో మామ సీటు దగ్గర ఆగి, నడవా వైపు కూర్చున్నాడు. అది ఎవరి సీటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. పక్కనున్న ఖాళీ సీటు మీదుగా ఆ మూడు వేళ్ల చేయి చాపి, పరదా లాగేసుకున్నాడు.