కొండ రిలేలో పులిహోర

కెనడాలో, బర్నబీ ఊళ్ళోని మా తెలుగువాళ్ళ రన్నింగ్ క్లబ్ మొదటిసారి కొండల రిలేకి పేరిచ్చింది. ఒక్కొక్కరు ఒక్కో కొండ దాటి, తర్వాతివాళ్ళ చేతిలో బ్యాటన్ పెట్టాలి. వానలో, బురదలో జారుతూ పడుతూ నా కొండ దిగాను. నా తర్వాత పరుగెత్తాల్సిన అంకుల్ కింద గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు.

"అంకుల్, బ్యాటన్ తీసుకోండి!" అని అరిచాను.

"ఆగమ్మా, ముఖం ఎలా పీక్కుపోయిందో చూడు! మీ ఆంటీ పులిహోర పంపింది, రెండు ముద్దలు తిను," అంటూ డబ్బా నా చేతిలో పెట్టారు.

"టైమ్ పోతోంది అంకుల్! ప్లీజ్, స్టార్ట్ అవ్వండి!"

"నువ్వు తినందే నేను కదలను."

వెనకున్న జట్లన్నీ మమ్మల్ని దాటిపోతున్నాయి. ఒళ్ళు మండిపోయింది. పోటీకి వచ్చామా, పేరంటానికి వచ్చామా? ఆయన పోరు పడలేక ఓ పెద్ద ముద్ద నోట్లో కుక్కుకున్నాను. అంకుల్ తృప్తిగా తలూపి, గొడుగు పక్కన పడేసి, మా క్లబ్బులో ఎవరూ పరుగెత్తనంత వేగంగా కొండెక్కేశారు.

అప్పుడు చూసుకున్నాను. ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో బ్యాటన్. కేకేద్దామంటే నోటినిండా పులిహోర.