కుల్యాష్ లేపిన మిషను

ఈ శరత్కాలమంతా కుల్యాష్ పొద్దున్నే ఉప్పు వేసిన పాల టీ తాగి, షెడ్డులోని పాత కోత మిషను కిందికి దూరేది. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా గ్రీజు. రెండేళ్ళ కిందట ఆ మిషనే ఆమె భర్త తుర్సిన్‌ను లోపలికి లాక్కుని చంపింది. ఈసారి అద్దె మిషన్లు దొరకలేదు. గోధుమ చేలోనే ఉంది, మంచు రేపో మాపో.

"వదినా, మా అన్నను మింగినదాన్ని మళ్ళీ లేపుతావా? తుక్కు కింద అమ్మెయ్" అన్నాడు మరిది అమన్‌తాయ్.

"అమ్మేస్తే గోధుమ నువ్వు పళ్ళతో కోస్తావా? ఆ స్పానర్ ఇటియ్యి."

నూర్పిడి డ్రమ్ములో బిగుసుకున్న గడ్డిని పీకుతుంటే నీలం గుడ్డ పీలిక చేతికొచ్చింది. తుర్సిన్‌కు ఆమె కుట్టిన చొక్కాదే. కాసేపు దాన్ని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. తర్వాత జేబులో పెట్టుకుని, మిషనెక్కి తాళం తిప్పింది. మూడోసారికి ఇంజను అందుకుంది. అమన్‌తాయ్ ముఖం కప్పుకున్నాడు. కుల్యాష్ డ్రమ్ము చప్పుడు చెవి ఒగ్గి విని, "బాగానే తిరుగుతోంది" అంది.