ఎర్ర వైరు దాకా నీళ్ళు

మలాజ్ పేటలో నేను పనిచేసే బిల్డింగు మీద నీళ్ళ ట్యాంకు ఉంది. నెలకోసారి మూత తీసి, ఫ్లోటు చుట్టూ గడ్డకట్టిన తెల్లటి పొక్కును స్క్రూడ్రైవరుతో గీకుతాను. అప్పడం విరిగినట్టు పెళపెళమంటుంది. వెంటనే తడిసిన చాకలి సోడా వాసన ముక్కుకు తగులుతుంది. ఎన్నిసార్లు చేసిన పనైనా ఆ శబ్దం విన్నప్పుడల్లా నా కాళ్ళు ఒక్క క్షణం ఆగిపోతాయి. ‘అడుగెయ్యమాక, అది నేల కాదు’ అని వెనక నుంచి కేక వినిపిస్తుంది. ఆ కేక వేసిన మనిషి ఏడుకొండలు బాబాయ్. మీరెవరూ ఆయన్ని ఎరగరు. ఎదురుపడినా రెండోసారి చూసే మనిషి కాదు. పొట్టివాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మెడలో తడి తువ్వాలు వేసుకుని, ఎప్పుడూ నీళ్ళవైపే తిరిగి ఉండేవాడు.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి అరబ్బు దేశంలో అల్ ఖర్జ్‌లోని ఒక పాడి ఫారానికి పంపు ఆపరేటరుగా వచ్చాను. ఎడారిలో వేల ఆవులు, వాటి మేతకు పచ్చటి పొలాలు. పొలాల్లో ఊటగా దిగిన నీరు, కొట్టాలు కడిగిన నీరు ఒక కాలువలో చేరితే, మా పంపులు ఎత్తి దూరంగా ఒక పల్లంలోకి పోసేవి. ఆ పల్లానికి నీరు వచ్చే దారే గానీ పోయే దారి లేదు. ఎండ వచ్చి నీళ్ళు తాగేసి, ఉప్పునూ చౌడునూ వదిలి వెళ్ళేది. ఏళ్ళ తరబడి అలా వదలగా చుట్టూ కళ్ళు మిరుమిట్లు గొలిపే తెల్లటి ఒడ్డు, మధ్యలో కనుచూపు మేర మడుగు. అంత మడుగైనా ఎక్కడా మోకాలి లోతు దాటదు. ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే పొద్దున ఉన్నచోట సాయంత్రానికి నీరు ఉండేది కాదు, గాలి దాన్ని పళ్ళెంలో చారులా అవతలి అంచుకు తోసేది.

చేరిన రోజే నా తెలివి బయటపడింది. ఒడ్డు గట్టిగా ఉందనుకుని దర్జాగా నడిచాను. నాలుగో అడుగుకు పొక్కు పగిలి తొడల దాకా నల్లటి బురదలోకి దిగాను. బాబాయ్ చెక్క పలక వేసి, తువ్వాలు అందించి లాగాడు. లాగుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు.

“ఏరా అబ్బాయ్, తెల్లగా ఉంటే సిమెంటనుకున్నావా? ముందు పిట్టల్ని చూడు. ఉల్లంకి పిట్ట పరిగెత్తేకాడ నీకు పాదం తడుత్తాది. ఆ పొడుగుకాళ్ళది నిలబడ్డకాడ పిక్కల దాకా. గులాబీ కొంగలు నిలబడ్డకాడ మోకాలు. ఏ పిట్టా కాలు పెట్టని తెల్లటి చోటుందే, అక్కడికి మాత్రం ఎల్లమాక.”

ఆయన గులాబీ కొంగలన్నవి ఫ్లెమింగోలు. చలికాలంలో గుంపుగా దిగి, తల తలకిందులుగా నీళ్ళలో ముంచి జల్లెడ పట్టినట్టు తినేవి. పొడుగుకాళ్ళదానికి తెల్లటి ఒళ్ళు, నల్లటి రెక్కలు, సన్నటి ఎర్ర కాళ్ళు. దాని అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకు తెలుసు గానీ చెప్పమంటే, “పేరు పెట్టి పిలిత్తే వత్తాదా ఏంటి?” అనేవాడు. ఆయన కొల్లేటి లంకలో పుట్టినవాడు. పడవ మీదే నడక నేర్చానని చెప్పేవాడు, నేను సగమే నమ్మేవాణ్ణి. ఎండలు ముదిరేకొద్దీ నీటి అంచున నల్లటి పట్టీలా ఈగలు ముసిరేవి. కంపు భరించలేక నేను ఈసడించుకుంటే ఆయనకు కోపమొచ్చేది.

“చేప బతకని నీళ్ళురా ఇయ్యి. ఈ ఈగా, ఆ ఎర్ర పురుగూ తప్ప ఇంకేం బతకవు. పంచుకునేవోళ్ళు లేరు కాబట్టే పిట్టలకి ఇంత విందు. నీ ముక్కు కోసం ఆటి నోటికాడ కూడు తీసేత్తామా?”

స్థానికులకే ఉద్యోగాలనే నితాఖత్ రూలు వచ్చి కంపెనీలకు ఎరుపు, పచ్చ రంగులు వేసింది. స్థానికులు చాలినంత మంది లేని కంపెనీల్లో ఇఖామాలు, అంటే ఉండే అనుమతి కార్డులు, కదలడం మానేశాయి. ఆ దెబ్బ నుంచి తేరుకునేలోపే పరాయి మనిషికింతని లెవీ పన్ను వచ్చిపడింది. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అదే. ముందు వయసు మళ్ళిన వాళ్ళ పేర్లు తీశారు. క్యాంపులో ఒక్కో మంచం ఖాళీ అవుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం మేనేజరు ముదీర్ బాబాయ్‌ని ఆఫీసుకు పిలిచి ఇఖామా ఇక రెన్యూ కాదని చెప్పాడు. ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టాక అరవై రోజుల్లో దేశం దాటాలి. అందరూ ‘ఇంకో ఏడాది’ అని బతిమాలుకునేవాళ్ళు. బాబాయ్ మాత్రం టికెట్ అరవయ్యో రోజుకి వెయ్యమని ఒక్కటే అడిగాడట. ముదీర్ ఎందుకని కూడా అడగకుండా రాసుకున్నాడు. నేను అడిగాను.

“పొడుగుకాళ్ళయి గుడ్లు పెట్టబోతన్నయ్యిరా. ఏటా ఇదే టయానికి నన్ను వెకేషన్‌కి పంపేసేవోరు. ఒక్కసారన్నా పిల్లలు నీళ్ళలోకి దిగటం చూసి ఎల్తా.”

ఎన్నేళ్ళ ఉద్యోగానికో ఆయన కోరుకున్న వీడ్కోలు అదొక్కటే. కొన్నాళ్ళకి పన్నెండు గూళ్ళు పడ్డాయి. గూడంటే గూడూ కాదు, నీటి అంచున చౌటి మట్టిలో చిన్న గుంట, చుట్టూ నాలుగు పుల్లలు, లోపల మట్టి రంగు గుడ్లు. మధ్యాహ్నపు ఎండకు నేల పెనంలా కాలేది. తల్లి లేచి నీళ్ళలోకి నడిచి, కడుపు ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరిచి మళ్ళీ పొదిగేది. అలసట లేకుండా రోజంతా అదే పని. అది చూశాక మొదటిసారి నాకూ ఆ పిల్లల్ని చూడాలనిపించింది.

ఒక శుక్రవారం బాబాయ్ ఇంటికి సామాను కొనడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. పంపుల దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. ఎండకు మడుగు కాస్త వెనక్కి జరిగినట్టు అనిపించి నా మనసు ఊరుకోలేదు. మేం వానకు మొహం వాచిన వాళ్ళం. మా వైపు చెరువు నిండి, అలుగు పారి మత్తడి దుంకితే ఊరు ఊరంతా వెళ్ళి చూసి వస్తుంది, ఆడవాళ్ళు పూలు వేసి మొక్కుతారు. నిండటం కంటే శుభం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. బాబాయ్ వచ్చేసరికి మడుగు నిండుగా కనిపించాలని రెండు పంపులూ ఒకేసారి వేసి, పొద్దుగూకే దాకా నడిపాను. ఈల కూడా వేసుకున్నాను.

తెల్లారి ఇద్దరం వెళ్ళేసరికి పిట్టలు గాల్లో అరుస్తూ తిరుగుతున్నాయి. తెల్లటి ఒడ్డు జానెడు నీటి కింద ఉంది. గుడ్లు కొన్ని తేలుతున్నాయి. ఒక తల్లి తన గూడున్నచోట నీళ్ళలో నిలబడి, వంగి వంగి చూస్తోంది.

“నేనే నింపిన బాబాయ్. నిండుగ ఉంటె నువ్వు సంబురపడ్తవనుకున్న. మా దిక్కు మత్తడి దుంకితె పండుగే గద.”

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. తిడతాడని చూశాను, తిట్టలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని మెల్లగా అన్నాడు.

“నేనూ నింపినోణ్ణేరా. కొల్లేట్లో మా లంక చుట్టూ మోకాల్లోతు నీళ్ళుండేయి. ఇయ్యే పిట్టలు వాకిట్లోకొచ్చేయి. చేపల చెరువులన్నారు. తవ్వాం, గట్లేశాం, నిలువు లోతు చేశాం. మా గట్టు నా చేత్తోనే ఏశా. ఆ ఏడు పొడుగుకాళ్ళయి వచ్చినయ్యి. కాలు మోపటానికి చోటు లేక రెండ్రోజులు గట్టు చుట్టూ తిరిగి ఎల్లిపోయినయ్యి. మళ్ళీ రాలా.”

ఏళ్ళ తరబడి పక్క మంచం మీద పడుకున్న మనిషి ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నా తప్పును కాయడానికి తన తప్పును బయటికి తీశాడు. లేచి వెళ్ళి ఒక ఇనుప చువ్వ తెచ్చి, నీళ్ళు తగ్గాక అంచున దిగ్గొట్టి, దానికి ఎర్ర వైరు ముక్క చుట్టాడు.

“మళ్ళీ పెడతాయి. ఈసారి నీళ్ళు ఈ వైరు దాటకూడదు. దీనికి బెత్తెడు కన్నా దిగకూడదు. దిగితే బురద ఎండి నక్క నడిచొత్తాది. దాటితే ఏవుద్దో నీకు తెలుసు.”

పది రోజులకు పెట్టాయి, పన్నెండు చోట్ల కాదు గానీ ఏడు చోట్ల. బాబాయ్ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. పిల్లలు రావడానికీ ఆయన టికెట్‌కీ మధ్య వారం తేడా వచ్చింది. ఆ వారాన్ని మింగేసింది నేనే. ముదీర్ దగ్గరికి వెళ్ళి బతిమాలాను. వీసా గడువు తన చేతిలో లేదన్నాడు పాపం, టీ తాగి వెళ్ళమన్నాడు.

బాబాయ్ వెళ్ళే పొద్దున కంపెనీ బస్సు దగ్గర పంపు వాల్వు తిప్పే పిడి నా చేతిలో పెట్టాడు. “ఒక్కసారన్న తిట్టు బాబాయ్” అన్నాను.

“తిడితే నీకు తేలికైపోద్ది. మొయ్యి” అని నా భుజం తట్టి బస్సెక్కాడు. కిటికీలోంచి కూడా మడుగు వైపే చూశాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వైరు చూసి, కావలసినంతే పంపు వేశాను. ఇంత పెద్ద మడుగును గిన్నెలో పాలలా కాచుకుంటానని ఎప్పుడూ అనుకోలేదు. ఎనిమిదో రోజు పొద్దున ఒక గుంట పక్కన మట్టి ముద్దలు కదిలాయి. ముద్దలు కావు, నాలుగు పిల్లలు. ఒళ్ళంతా కాళ్ళే. తడబడుతూ నీళ్ళలోకి దిగి, దిగీ దిగగానే ఈగలను పొడవడం మొదలుపెట్టాయి. కొల్లేట్లో ఉన్న బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఎవరో ఏమిటో అడగకుండానే ఆయన అడిగిన మొదటి మాట, “నీళ్ళెక్కడున్నాయిరా?”

“వైరు కాడ్నే ఉన్నయ్ బాబాయ్. పిల్లలొచ్చినయ్. నాలుగు.”

తల్లి నా నెత్తి మీద తిరుగుతూ కిక్ కిక్ కిక్ అని అరుస్తోంది. ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. చెయ్యి నొప్పి పుట్టి దించబోతే అటునుంచి బొంగురు గొంతు వినిపించింది. “దించమాక. ఇంకాసేపు ఉంచు.”

తర్వాత మేత పొలాలు ఆపేశారు, కాలువ సన్నబడింది, పంపు గదికి తాళం పడింది. నేను వేరే కఫీల్, అంటే వీసా యజమాని, కిందికి మారి ఈ మలాజ్‌కు వచ్చాను. మునిగిన ఆ గుడ్లను ఇంకా మోస్తూనే ఉన్నాను. ఎక్కడ ఏది నింపబోయినా ముందు అంచున ఎవరున్నారో చూడటం అలవాటైంది.

మా ట్యాంకు నిండి పొర్లితే నీళ్ళు పిట్టగోడ మూలకు కారతాయి. ఆ మూలలో ఈ నెల ఒక పావురం గూడు పెట్టింది. ఫ్లోటు రెండు వేళ్ళు దించి కట్టాను. బంగ్లాదేశీ వాచ్‌మన్ పైకొచ్చి తొంగిచూసి, “టంకీ ఫుల్ క్యోం నహీ కర్తే భాయ్?” అని, ట్యాంకు నిండా ఎందుకు నింపనని అడిగాడు.

“ఇత్నా కాఫీ హై”, ఇంత చాలు అన్నాను. జేబులోంచి ఎర్ర వైరు ముక్క తీసి ఫ్లోటు కాడకు చుట్టి, నీళ్ళు అక్కడి దాకా వచ్చి ఆగేవరకు నిలబడి చూశాను.