భావనపాడులో గోడవైపు తిరిగిన భోజనం

ఎవరైనా చూస్తుంటే నాకు ముద్ద దిగదు. క్రితంసారి భావనపాడులో మా చెల్లెలి అత్తారింట్లో సగం అన్నం వదిలేస్తే, "మా సేపలు మీవోళ్ల కంటికి ఆనవేటి?" అని వాళ్ల అత్త చెల్లెల్ని నెలంతా దెప్పిందట. ఈసారి ఎలాగైనా కంచం ఖాళీ చెయ్యాలని బుధవారం పొద్దున్నే విజయనగరంలో ప్యాసింజరు ఎక్కాను.

శ్రీకాకుళం రోడ్డులో ఎక్కిన ఒకావిడ ఇడ్లీ పొట్లం విప్పి నా ముందుకు తోసింది. ఉపవాసమన్నాను.

"బుధారం ఉపోసమేటి బాబూ? ఏ దేవుడికి?"

ఒక్క దేవుడూ గుర్తు రాలేదు. "ఇంటి దేవుడికండి" అన్నాను. ఆవిడ లెంపలేసుకుని, ఉపవాసానికి పనికొస్తుందని అరటిపండు ఇచ్చింది. నౌపడలో దిగి దాన్ని ఆటో అతనికిచ్చేశాను. వెళ్లేవాళ్లు ఆటో అక్కడే మాట్లాడుకోవడం మంచిది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చోబెట్టారు. అత్త, మావ, బావ, అతని తమ్ముళ్లు చుట్టూ చేరి నా నోటికేసే చూస్తున్నారు. చుట్టం తినేదాకా ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు. వంజరం చేపల పులుసు ఘుమఘుమలాడుతోంది. నేను ముద్ద కలుపుతూనే ఉన్నాను. చెల్లెలి మొహం పాలిపోవడం చూసి, దాచలేక ఉన్నమాట చెప్పేశాను.

"ఓసింతేనా!" అంది అత్త. "అందరూ గోడేపు తిరగండి."

తిరిగారు. అప్పుడే చేపల బేరానికి వచ్చినాయన్ని కూడా గుమ్మంలోనే తిప్పేసింది. ఆయన గోడతోనే ధర మాట్లాడటం మొదలెట్టాడు.

"ఊరుకోవయ్యా, పిల్లడు నమల్తన్నాడో నేదో ఇనపడాల!" అని అత్త కసిరింది.

ఆ వీపుల వరస చూసి నాకు నవ్వొచ్చింది. ముద్ద దిగింది. వడ్డించడానికి చెల్లెలొక్కతే ఇటు తిరిగి ఉంది. అది ఉన్నట్టుండి నా ఎదురుగా చతికిలబడి నా కంచంలోనే చెయ్యి పెట్టింది. చిన్నప్పట్లాగే ఇద్దరం గబగబా తినేశాం.

"సట్టి కాళీ సేసేసినాడు!" అని అత్త మురిసిపోయింది.

సాయంత్రం తిరుగు రైల్లో నిలబడటానికే చోటు దొరికింది. ఈ ప్రయాణం కథ చివర, భావనపాడు వెళ్లేవాళ్లు ఆకలితో వెళ్లాలని రాద్దామనుకుంటుండగా చెల్లెలు ఫోను చేసింది.

"నువ్వెంత బాగా తిన్నావో అత్త ఈదిలో అందరికీ సెప్పేస్తన్నాది."

"సగం నువ్వే తిన్నావు గదే."

అది గొంతు తగ్గించింది. "నాకూ నీలాగేరా అన్నయ్యా. ఆళ్లు సూస్తంటే దిగదు. పెళ్లయ్యాక కడుపు నిండా తినడం ఇదే మొదలు."

నాకు ఏడుపొచ్చింది. "మరి మీ అత్తకి సెప్పకపోయావా?"

"కోడలి కోసం గోడేపు ఎవులు తిరుగుతారు? నువ్వే మళ్లీ బేగి వచ్చీ."