నైలాను వలలో నా వాటా

ఏడేళ్ళుగా మా ఊరివాళ్ళు నన్ను ఓదారుస్తూ వచ్చారు. ఆ ఓదార్పు మోయలేక నిన్న ఏం చేశానో మీకు రాస్తున్నాను.

మైపాడు దగ్గర మాది చేపలు పట్టేవాళ్ళ పల్లె. నేను ప్రార్థన మందిరం బడిలో పంతులమ్మను. సముద్రం బాగా ఇచ్చిన రోజుల్లో పడవకింత అని తీసి ఒక పెట్టెలో దాచి, తుఫాను నెలల్లో పొయ్యి వెలగని ఇళ్ళకు పంచేవాళ్ళు. ఆ పెట్టె నా దగ్గర ఉంచారు. నాకు పడవ లేదు, వల లేదు, మా ఊరి పెద్ద, కాపుకు తలొంచవలసిన పనీ లేదు. పైసా తేడా రానివ్వనని పేరు కూడా.

1962 వేసవిలో రొయ్యకు ధర లేచింది. కాపు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పంతులమ్మా, సముద్రం ఇచ్చేటప్పుడు పెట్టె మూసుకోని కూర్చుంటే ఎట్టా? నైలాను వలలు కొందాం. రెండింతలు తెచ్చి పెడతాం."

"తుఫానొస్తే?"

"రాకుండా యాడికి పోతాది? అప్పటికి మనమే దానికి అప్పిచ్చేట్టుంటాంలే."

నవ్వాను. పెట్టె తెరిచాను.

నవంబరు గాలివానకు వలలు కొట్టుకుపోయాయి. పంచడానికి ఏమీ లేదు. పొయ్యి వెలగక పోలమ్మ తన కూతుర్ని నెల్లూరులో అంట్లు తోమడానికి పంపింది. ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. అయినా పోలమ్మే నాతో అంది, "నువ్వేం జేస్తావులేమ్మా, మంచికనే ఇచ్చినావు."

మంచికనే ఇచ్చానా? లెక్క తప్పానా? నేను లెక్క తప్పను. పెట్టె తెరవక ముందే, ఎవరికీ చెప్పొద్దని, ఆ వలల్లో ఒకదానిలో వాటాకు కాపు చేతిలో డబ్బు పెట్టాను. పెట్టెలో సొమ్ము కలిస్తే తప్ప ఆ వల రాదు. వద్దనవలసినప్పుడు వద్దంటుందని నన్ను నమ్మారు. వద్దంటే నా వాటా పోతుందని నేను ఊరుకున్నాను.

ఈ ఏడు మళ్ళీ సొమ్ము పోగవుతోంది. పెట్టె మళ్ళీ నన్నే ఉంచుకోమన్నారు. నిన్న అందరిలో నిలబడి ఇదంతా చెప్పేశాను. క్షమించమని అడగలేదు. పోలమ్మ నా వైపు చూడలేదు. లేచి, పెట్టె ఉంచడానికి నా బదులు కొత్తగా అనుకున్న కుట్టుపని మరియమ్మను నిలబెట్టి అడిగింది.

"నీకు ఏ వలలోనైనా వాటా ఉండాదా?"

"లేదక్కా."

"రేపు కొంటే?"

"కొన్నరోజే తాళం మీ చేతిలో పెడతా."

నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. గోడవారగా కూర్చుని విన్నాను. ఏడేళ్ళలో మొదటిసారి, ఎవరూ నన్ను ఓదార్చలేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.