అందిందన్న జవాబు

ఆక్సిజన్ సిలిండర్లు నింపే ఆ కర్మాగారంలో మేనేజరు నుంచి కూలీల దాకా ఆవిడను అందరూ అక్కయ్యా అనే పిలిచేవారు. ఏ ఆసుపత్రికి ఏ బండి వెళ్లాలో చెప్పేది ఆవిడే. భర్త పోయాక ఈ పనిలో చేరి, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని తీసుకుని గొంతు బొంగురుపోయిన మనిషి.

తర్వాత ఫోన్లు తగ్గాయి. ఆసుపత్రి కంప్యూటరే ఆర్డరు పంపేది. మధ్యలో వేరే కంపెనీ నడిపే నెట్‌వర్కు దాన్ని మోసుకొచ్చి వీళ్ల కంప్యూటర్లో పడేసేది. తెరమీద ఆర్డరు కనబడితేనే బండికి గేటు పాసు.

ఆ వానాకాలంలో ఊరంతా జ్వరాలు, దగ్గులు. అయినా ఒకరోజు మధ్యాహ్నమైనా పిల్లల ఆసుపత్రి నుంచి ఆర్డరు రాలేదు. అక్కయ్యకు అన్నం సయించలేదు. ఫోన్ చేసింది.

“పొద్దున్నే పంపాం కదండీ! అందిందని జవాబు కూడా వచ్చింది,” అంది అక్కడి నర్సు. “ఉన్నవి సాయంత్రం దాకా రావు. బండి ఇంకా బయల్దేరలేదా?”

అక్కయ్యకు విషయం అర్థమైంది. ఆ జవాబిచ్చింది నెట్‌వర్కు. ఆర్డరు అక్కడే ఇరుక్కుపోయింది. మేనేజరు గదిలోకి పరుగెత్తి చెప్పింది. అతను నెట్‌వర్కు కంపెనీకి ఫోన్ చేసి పెట్టేశాడు.

“తెరమీద లేనిదానికి బండెలా పంపను అక్కయ్యా? నెట్‌వర్కు వాళ్లు చూస్తున్నామన్నారు.”

“వాళ్లు చూసేదాకా పిల్లలు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారా?”

“తేడా వస్తే నా మెడకు చుట్టుకుంటుంది.”

“నా మెడకే చుట్టు. బోసిగానే ఉంది!”

మేనేజరు తల పట్టుకున్నాడు గానీ వద్దనలేదు.

లారీ డ్రైవరు ఆవిడకు సొంత మరిది. “పాసేది వదినా?”

“నేనే పాసుని. తియ్యి బండి!” అంటూ పక్కన ఎక్కి కూర్చుంది. కాపలావాడు ఆవిడ ముఖం చూసి గేటు తీశాడు.

వంతెన మీద వాహనాలు ఆగిపోయి ఉన్నాయి. ఫోన్ మోగింది. “ఆఖరివి తగిలించేశాం. ఎక్కడున్నారండీ?” అంది నర్సు. అక్కయ్య వానలోకి దూకి, కార్ల అద్దాలు బాదుతూ, “పిల్లల ప్రాణాలు నాయనా, జరగండి!” అని అరుస్తూ దారి చేయించింది.

లారీ చేరేసరికి నర్సు వాకిట్లోనే నిలబడి ఉంది. ఆసుపత్రి కుర్రాళ్లు మొదటి సిలిండరు దొర్లించుకుంటూ ఆమెతో లోపలికి పరుగు తీశారు. కాసేపటికి నర్సు బయటికొచ్చి, పిల్లలకేం కాలేదన్నట్టు తల ఊపింది. అప్పుడు అక్కయ్య లారీ మెట్టు మీద కూర్చుని తడిసిన కొంగు పిండుకుంది.

అంతలో మేనేజరు ఫోన్. “ఆర్డరు పడింది అక్కయ్యా! దీనికి ఇంకో బండి పంపెయ్యనా?”

“దింపేశాం నాయనా. దాన్ని ఆపు.”

పాసు లేకుండా బండి తీసినందుకు పైవాళ్లు సంజాయిషీ అడిగారు. అక్కయ్య జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ తర్వాత కర్మాగారం కంప్యూటరు నుంచి విడిగా జవాబు రానిదే ఆర్డరు అందినట్టు కాదని అందరూ ఒప్పుకున్నారు. అయినా ఆవిడ రోజూ ఆసుపత్రులన్నిటికీ ఫోన్ చేసేది. కొందరు విసుక్కునేవారు. పిల్లల ఆసుపత్రి నర్సు మాత్రం ఎప్పుడూ విసుక్కోలేదు.